పౌను గింజల నుంచి రూపాయి బియ్యం దాకా: ఎవరి ఖర్చు, ఎవరి భారం?

ధరలు పెరిగాయని అందరూ అంటారు. ఊళ్లో పెద్ద రైతు అంటాడు, చిత్తూరు బజారు షావుకారు అంటాడు, జీతం రాళ్ళు తీసుకునే ఉద్యోగి అంటాడు, వాడలో కూలికి పోయే ఆడమనిషీ అంటుంది. మాట ఒకటే గాని అర్థం ఒకటి కాదు. బెల్లం ధర పెరిగితే గానుగ ఉన్నవాడికి పండగ. వేరుశనక్కాయల ధర పెరిగితే చేను ఉన్నవాడికి పండగ. కరువు భత్యం పెరిగితే ఉద్యోగికి ఊరట. చేను, గానుగ, భత్యం ఏదీ లేని మనిషికి ధర అంటే ఒకటే: ఈ రోజు చేసిన కూలికి సాయంత్రం ఎన్ని గింజలొస్తాయి? ఆ లెక్క బడ్జెట్ పుస్తకాల్లో ఎప్పుడూ కనబడదు. ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెడుతోందా, ఖజానా ఏమైపోతుంది అనే చర్చ మాత్రం నూట యాభై ఏళ్ళుగా ఆగకుండా జరుగుతూనే ఉంది. ఆ చర్చను వాడ వైపు నుంచి చదవడానికి చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

దీనికి పూతలపట్టును ఎన్నుకోవడానికి కారణముంది. చిత్తూరుకు దగ్గర్లో, తిరుపతి దారిలో, తమిళనాడు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న మెట్ట ప్రాంతమిది. వానకు పండే వేరుశనగ, బావుల కింద చెరుకు, ఇప్పుడు ఎటు చూసినా మామిడి తోపులు. 1985లో మండలమైంది. 2008 పునర్విభజనలో షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన శాసనసభ నియోజకవర్గమైంది. జిల్లా జనాభాలో షెడ్యూల్డు కులాలవాళ్ళు ఐదో వంతుకు దగ్గరగా ఉన్నారు. అసెంబ్లీకి పోయే సీటు దళితుడిదే. మడి, తోపు, గానుగ మాత్రం ఎక్కువగా ఇతరులవి. ధరల మీద చర్చకు ఇంతకన్నా తగిన చోటు వెతుక్కోనవసరం లేదు.

ధాత కరువు: ఒక పౌను లెక్క

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. దానికి ముఖ్య పట్టణం చిత్తూరే. 1876–78 నాటి కరువు మద్రాసు రాజధాని జిల్లాలను ఊడ్చేసినప్పుడు ఉత్తర ఆర్కాటు కూడా అందులో ఉంది. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. గింజలు అసలే లేక జనం చచ్చారనేది సగం నిజమే. గింజల ధర కూలివాడి చేతికి అందనంత ఎత్తుకు పోయింది, కూలి పనులు ఆగిపోయాయి. అంగట్లో గింజలు కనబడుతుండగానే కొనే దుడ్డు లేక జనం చచ్చారు.

అప్పుడు కలకత్తాలో ఉన్న వైస్రాయి లిట్టన్ ప్రభుత్వానికి పట్టుకున్న దిగులు ఒకటే: మద్రాసు ప్రభుత్వం మరీ ఎక్కువ ఖర్చు చేస్తోంది. ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని 1877 జనవరిలో పంపించింది. ఈ టెంపుల్ అంతకు ముందు 1873–74లో బీహార్ కరువులో బాగానే ఖర్చు పెట్టి జనాన్ని బతికించాడు. బతికించినందుకు మెప్పు రాలేదు, దుబారా చేశాడని తిట్లు వచ్చాయి. ఆ మచ్చ తుడుచుకోవడానికి దొరికింది మద్రాసు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను గింజల విలువ, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఎండలో కష్టం చేసే మనిషి ఈ గింజలతో నిలబడలేడని వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఆలోగా ఎందరు పోయారో లెక్క రాసినవాళ్ళు లేరు.

ఈ పాత కథను ఎందుకు తవ్వుతున్నామంటే, తర్వాత నూట యాభై ఏళ్ళ పాటు మనం వినబోయే మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఉచితంగా పెడితే సోమరులవుతారు. ధరలతో ప్రభుత్వం జోక్యం చేసుకుంటే వ్యాపారం చెడుతుంది. నిజంగా పేదవాడెవడో పరీక్ష పెట్టి తేల్చాలి. ఖజానా ముందు, కడుపు తర్వాత. ఇంకొక విషయం కూడా గమనించాలి. కరువు పనికి మొదట వచ్చినవాళ్ళు భూమి లేని కూలీలు, వెట్టిచాకిరీ కులాలు, నేతగాళ్ళు. ఇంట్లో గాదె ఉన్నవాడికి ఆ ఒక్క పౌను తగవు అక్కర్లేదు. కాబట్టి ప్రభుత్వ ఖర్చు మీద చర్చ మొదటి నుంచీ కులం మీద చర్చే, కులం పేరెత్తకపోయినా.

కంట్రోలు, డీకంట్రోలు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు రాజధానిలో బియ్యానికి కంట్రోలు, రేషను వచ్చాయి. కంట్రోలు అన్న మాట మన ఊళ్ళ భాషలోకి అప్పుడే దిగింది. పట్నాల్లో కార్డులు ముందు వచ్చాయి. పల్లెల్లో గింజలు సేకరించడమే ఎక్కువ, పంచడం తక్కువ. కూలి గింజలతో బతికే వాడకు కార్డుతో పెద్దగా పని పడలేదు. వాళ్ళకు రేషను ఇచ్చేది సర్కారు కాదు, పొలం యజమాని. కూలి గింజల కొలత ఆయనది, కొలిచే పడి ఆయనది, కరువులో అప్పుగా ఇచ్చే తిండిగింజలూ ఆయనవే.

1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా వచ్చిన రాజగోపాలాచారి ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేశారు. అప్పటికి చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. కంట్రోలు పేరుతో అవినీతి జరిగిందన్నది అబద్ధం కాదు. కానీ దాని బదులు వచ్చిన స్వేచ్ఛ ఎవరి స్వేచ్ఛ? గింజలు దాచుకోగలవాడి స్వేచ్ఛ.

సరిహద్దు అవతల కథ ఇంకో దారి పట్టింది. 1967 ఎన్నికల్లో అన్నాదురై నాయకత్వాన డీఎంకే రూపాయికి పడి బియ్యం అనే వాగ్దానంతో గెలిచి, మద్రాసు, కోయంబత్తూరు నగరాల్లో దాన్ని మొదలుపెట్టింది. డబ్బు చాలక మిగతా చోట్లకు తీసుకుపోలేకపోయింది. అయినా ఒక మాట రుజువైంది: బియ్యం ధర ఎన్నికల్లో తేలే విషయం, అధికారుల ఫైళ్ళలో మాత్రమే తేలే విషయం కాదు. గుడియాత్తం, వేలూరు సంతలకు పోయి వచ్చే చిత్తూరు జనానికి ఈ సంగతి హైదరాబాదు కన్నా ముందే తెలుసు.

1983: రెండు రూపాయలు

1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో, అధికారంలోకి వచ్చింది. ఎన్.టి. రామారావు గుడివాడతో పాటు తిరుపతిలోనూ గెలిచారు. తెలుగువారి ఆత్మగౌరవం అన్న నినాదం గురించి చాలా రాశారు. కానీ వాడలకు వినబడిన నినాదం కిలో రెండు రూపాయల బియ్యం. దాని బలం కాంగ్రెసుకు కూడా తెలుసు. ఎన్నికల ముందు కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే ఇస్తామని ముందుకొచ్చింది. పది పైసలు తగ్గించినా జనం నమ్మలేదు.

పథకం 1983లోనే మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఆకుపచ్చ కార్డులు, తలకు 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా. అప్పుడే విమర్శలు మొదలయ్యాయి. ఇది ఓట్ల బియ్యం, ఖజానా ఖాళీ అవుతుంది, ప్రాజెక్టులకు డబ్బుండదు, అనర్హులకు కార్డులు పోతున్నాయి.

ఈ వాదనల్లో కొన్ని వట్టివి కావు, దాటేయకూడదు. ప్రభుత్వం మిల్లర్ల దగ్గర, ఆహార సంస్థ దగ్గర కొనే ధర ఏటేటా పెరుగుతుంది. అమ్మే ధర రెండు రూపాయల దగ్గరే నిలబడితే మధ్య తేడా ఏటేటా పెరగక తప్పదు. కార్డుల సంఖ్య పేదరికపు లెక్కల్ని దాటిపోయిందీ నిజమే. అయితే ఆ తేడా సొమ్ము పూర్తిగా తినేవాడికే పోతోందా? మద్దతు ధర రూపంలో అందులో భాగం వడ్లు పండించిన రైతుకు పోతుంది. మర ఆడించిన మిల్లరుకు పోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వడ్లకు గిరాకీ నిలబెట్టింది కూడా ఈ పథకమే. మరి సబ్సిడీ అన్న నింద మాత్రం చివర్లో సంచి పట్టుకుని స్టోరు ముందు నిలబడిన మనిషి మీదే ఎందుకు పడింది?

ఇంకో లెక్క చేద్దాం. 1877లో అందరూ సిగ్గుపడిన టెంపుల్ కూలి రోజుకు పౌను, అంటే నెలకు దాదాపు పదమూడున్నర కిలోలు. 1983లో ఖజానా కూలిపోతుందన్న రేషను తలకు నెలకు 5 కిలోలు. అది కరువులో మొత్తం బతుకు, ఇది బతుకులో ఒక భాగం. రెండూ ఒకటే అని మేం అనడం లేదు. కానీ కష్టం చేసే పెద్దమనిషి రోజుకు అరకిలో తింటాడనుకుంటే 5 కిలోలు పది రోజుల తిండి. మిగతా ఇరవై రోజులు అంగటి ధరకే కొనాలి, లేదా సంగటితో, గంజితో గడపాలి. దీన్ని దానం అనడానికి నోరెలా వచ్చింది?

ఆ పది రోజుల తిండి తక్కువ పని చేయలేదు. బియ్యం అంతకు ముందు వాడకు పండగ తిండి. రాగి సంగటి, కొర్రలు, సద్దలు రోజు తిండి. వేరుశనగ, చెరుకు, తర్వాత మామిడి మెట్ట గింజల చేలను మింగేసే కొద్దీ కూలిగా గింజలు దొరకడం తగ్గింది. గింజలు కొనుక్కోక తప్పని పరిస్థితి వచ్చిన సమయానికే స్టోరు వచ్చింది. పది రోజుల గింజ ఇంట్లో ఉన్న మనిషి, ఆ పది రోజులు యజమాని వాకిట్లో అప్పుకు నిలబడనక్కర్లేదు. కూలి బేరంలో ఒక రోజు ఆగగలదు. 1984 జనవరిలో వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. సర్టిఫికెట్టుకీ గింజకీ ఒకే ఇంటి గడప దగ్గర చేతులు కట్టుకునే రోజులు పూర్తిగా పోలేదు గాని సడలాయి. ఆర్థికవేత్తలు కిలోలు లెక్కపెట్టారు. గడప దగ్గర నిలబడాల్సిన పని తప్పడాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఒక చేత్తో బియ్యం, ఇంకో చేత్తో సారా

అట్లని రామారావు ప్రభుత్వాన్ని దళిత పక్షపాతి అనలేం. కారంచేడు 1985లో ఆ ప్రభుత్వ కాలంలోనే జరిగింది. ఖజానా సంగతే తీసుకున్నా, వారుణివాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరింది ఆ కాలంలోనే. రాష్ట్రానికి ఎక్సైజు రాబడి 1970–71లో 39 కోట్ల రూపాయలుంటే, 1991–92 నాటికి 800 కోట్లు దాటింది. ఈ డబ్బు ఎవరిది? ఎక్కువ భాగం కూలివాడి జేబులోది, అతని భార్య వంటింటిది. అంటే బియ్యం మీద ఇచ్చిన సబ్సిడీలో పెద్ద వాటాను వాడే సారా అంగట్లో కట్టేసింది. పేదవాడికి పెట్టే ఖర్చును బడ్జెట్‌లో పెద్దక్షరాలతో రాస్తారు. పేదవాడు కట్టే పన్నును చిన్నక్షరాలతో కూడా రాయరు.

ఈ లెక్క మొదట తేల్చింది అర్థశాస్త్రవేత్తలు కాదు. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలోని ఆడవాళ్ళు తేల్చారు. ముందుండి నడిపినవాళ్ళలో దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలే ఎక్కువ. సారా మీద వచ్చే డబ్బు లేకపోతే సంక్షేమం ఎట్లా నడుస్తుందని ప్రభుత్వం అడిగితే, మా ఇళ్ళు కూల్చి మాకు పెట్టే సంక్షేమం ఎవరడిగారన్నదే వాళ్ళ ఉద్యమం చెప్పిన జవాబు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ప్రభుత్వ ఆదాయం మీద ఈ రాష్ట్రంలో జరిగిన అసలైన ప్రజా చర్చ అదే.

శ్వేతపత్రం కాలం

కాంగ్రెసు పాలనలో బియ్యం ధర మూడున్నరకు చేరింది. 1994 డిసెంబరులో రామారావు మళ్ళీ గెలిచి రెండు రూపాయలకు దించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన చంద్రగిరి పక్కన నారావారిపల్లె మనిషి. 1983లో కాంగ్రెసు మంత్రిగా ఉండి, రెండు రూపాయల బియ్యం గాలిలో చంద్రగిరిలోనే ఓడిపోయినవాడు. 1996 లోక్‌సభ ఎన్నికలు ముగిశాక ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం వచ్చింది. బియ్యం ధర మళ్ళీ మూడున్నర అయింది. కరెంటు చార్జీలు పెరిగాయి. 1997లో మద్యనిషేధం సడలింది. ప్రపంచబ్యాంకు రుణం, దాని షరతులు వచ్చాయి. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద ఆందోళన చేస్తున్నవాళ్ళ మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఖజానాకు లోటు ఉండటం అబద్ధం కాదు. ప్రశ్న, లోటు పూడ్చడానికి మొదట ఎవరి కంచంలో చెయ్యి పెట్టారన్నది. అదే దశాబ్దంలో కేంద్రం 1997లో లక్షిత రేషను పద్ధతి తెచ్చింది. దారిద్య్రరేఖకు పైన, కింద అని గీత గీసింది. 1877లో పరీక్ష పెట్టి పేదవాణ్ణి తేల్చాలన్న ఆలోచనే కొత్త బట్టలు కట్టుకొచ్చింది. మా అమ్మానాన్నలు రెండు రూపాయల బియ్యం తిన్నారు. మేం మూడున్నర రూపాయల బియ్యం, ఐదుంబావు రూపాయల బియ్యం తిని బడికి పోయాం. సంస్కరణలంటే ఏమిటో మాకు పుస్తకాలకన్నా ముందు సంచే నేర్పింది.

అంబేద్కర్ రూపాయి

ఈ చర్చకు మనకొక పాత ఆయుధముంది, దాన్ని తక్కువగా వాడుతున్నాం. 1923లో అంబేద్కర్ రాసిన ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ని కరెన్సీ నిపుణుల పుస్తకమని పక్కన పెడతాం. దాని లోపలి వాదన సూటిగా వాడకు సంబంధించింది. రూపాయి విలువ తగ్గితే ఎగుమతులు పెరిగి దేశం బాగుపడుతుందని వ్యాపారులు వాదించినప్పుడు, ఆ లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన అడిగాడు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు కాబట్టి, ఆ లాభం కూలివాడి జేబులోంచి యజమాని జేబులోకి పోయిందే తప్ప దేశానికి కొత్తగా పుట్టింది కాదని చూపించాడు. ధరల పెరుగుదల అంటే ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి చడీచప్పుడు లేకుండా జరిగే సొమ్ము బదిలీ. దీన్ని ఒప్పుకుంటే, ధరలు పెరిగిన కాలంలో రేషను మీద పెట్టే ఖర్చు దానం కాదు. పోయిన దాంట్లో కొంత తిరిగి రాబట్టుకోవడం.

ధర తగ్గింది, కొలత కూడా తగ్గింది

2008 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఐదుంబావు నుంచి రెండు రూపాయలకు దించింది. 2011 నవంబరు 1న మన జిల్లా మనిషే అయిన కిరణ్‌కుమార్‌రెడ్డి కిలో రూపాయి చేశారు. కానీ తలకు 4 కిలోలు, కుటుంబానికి 20 కిలోలే. 1983తో పోలిస్తే ధర సగమైంది, కొలత కూడా ఐదో వంతు కోసుకుపోయింది. ధర మీద ఉపన్యాసాలిచ్చినవాళ్ళెవరూ కొలత మాటెత్తలేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంతో తలకు 5 కిలోలు హక్కయింది. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితమైంది. అంటే నలభై ఏళ్ళ పోరాటాలు, ఎన్నికలు, శ్వేతపత్రాల తర్వాత కొలత మళ్ళీ 1983 దగ్గరికే వచ్చి ఆగింది.

తిట్లు కూడా అక్కడికే వచ్చాయి. 2022 జూలైలో ప్రధాని ‘రేవడీ’ సంస్కృతి అన్నారు. 2019 నుంచి 2024 దాకా వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం నగదు బదిలీలు చేస్తుంటే రాష్ట్రం శ్రీలంక అవుతుందన్నారు. 2024లో అంతకన్నా ఎక్కువ ఇస్తామని సూపర్ సిక్స్ పేరుతో తెలుగుదేశం కూటమి గెలిచింది, గెలిచాక మళ్ళీ శ్వేతపత్రాలు విడుదల చేసింది. ప్రతిపక్షంలో ఉంటే జనం కష్టం, అధికారంలో ఉంటే ఖజానా కష్టం. ఈ రెండు మాటల మధ్య తిరిగే పార్టీలన్నింటి పగ్గాలూ భూమి ఉన్న కులాల చేతుల్లోనే ఉన్నాయి.

ఇక ఖర్చు గురించి అంత బాధపడేవాళ్ళు ఒక ఖర్చు గురించి మాట్లాడరు. షెడ్యూల్డు కులాల ప్రత్యేక నిధులు దశాబ్దాల తరబడి వేరే పనులకు మళ్ళాయి. ఆ డబ్బు మా జనాభా వాటా ప్రకారం మాకే ఖర్చు కావాలని ఉద్యమం చేస్తే 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ళ గడువు ముగిసినప్పుడు 2023లో దాన్ని పొడిగించారు. చట్టం ఉన్నా అందరికీ ఇచ్చే పథకాల్లో మా తలకాయలు లెక్కపెట్టి, ఆ మొత్తాన్నే ఉపప్రణాళిక ఖర్చుగా చూపించే అలవాటు పోలేదు. రేషను బియ్యం అందరి హక్కు. దాన్ని మా వాటాలో రాసి మా భూమి, మా బావి, మా హాస్టలు డబ్బును మింగడం హక్కు కాదు.

మనం అడగాల్సింది

బియ్యంతోనే సరిపెట్టుకోమని మేం చెప్పడం లేదు. చౌక బియ్యం కూలి పెరగకుండా కాపాడే సాధనం కూడా కాగలదు. తిండి సర్కారు ఇస్తోంది గదా, కూలి ఎందుకు పెంచాలి అనే యజమాని ప్రతి ఊళ్లో ఉన్నాడు. పాలిషు పట్టిన తెల్లబియ్యం రాగిని తరిమేసి రక్తహీనతను ఇంట్లోకి తెచ్చిన మాట కూడా ఆలోచించాలి. అన్నింటికీ మించి, భూమి పంచకుండా బియ్యం పంచడం పాలకవర్గాలకు చౌకబేరం. అయినా ఆ బేరాన్ని కూడా దుబారా అని కొట్టేయబోయినప్పుడు మనం ఎటు నిలబడాలో అనుమానం అక్కర్లేదు.

కార్యకర్తలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రతి ఊళ్లో చేయగల పని ఒకటుంది. ధరల సూచిక ఎంత శాతం పెరిగిందని పత్రికలు చెప్పేది పక్కన పెట్టి, మన వాడలో ఆడకూలి, మగకూలి ఒక రోజు పనికి ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని కిలోల రాగులు, ఎంత నూనె, ఎంత పప్పు కొనగలరో ఏడాదికి రెండుసార్లు రాసి పెట్టండి. దాని పక్కనే మండలానికి ఉపప్రణాళిక కింద ఎంత వచ్చింది, ఏ పనికి పోయింది అని సమాచార హక్కు చట్టం కింద అడిగి రాయండి. ఇంకో పక్క, అదే వాడ మద్యం మీద, అంగడి సరుకుల మీద ఎంత పన్ను కడుతోందో వేయండి. ఈ మూడు కాలమ్‌లున్న నోటుబుక్కు మనకు లేనంత కాలం, శ్వేతపత్రాలు వాళ్ళే రాస్తారు, అందులో మనం భారంగానే కనబడతాం.